గడప రంగు

పడవని గట్టెక్కించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఫిషింగ్ హార్బర్ పక్కన స్లిప్‌వే మీద, దుంగలు పోటు పెట్టి నిలబెట్టిన ‘గౌతమి’ కిందికి వంగి చూశాడు త్రినాథరావు. మూడు రెక్కలుండాల్సిన ప్రొపెల్లర్‌కి రెండే ఉన్నాయి. ఉన్న రెండూ మెరుపు పోయి పంటి చిగుళ్ల రంగుకి తిరిగాయి. మెకానిక్ సుత్తితో మెల్లగా తట్టాడు. ఖంగుమనాల్సిన లోహం పెంకు ముక్కలా టప్పుమంది.

“తినేసింది సార్. లోపలంతా గుల్ల,” అన్నాడు మెకానిక్.

మొన్న ఆదివారం భీమిలి నుంచి తిరిగొస్తుంటే రుషికొండ దగ్గర గాలి పడిపోయింది. తెరచాపలు దింపి ఇంజను వేయగానే వెనక ధడేలుమంది. పడవంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఇంజను ఆపేస్తే కెరటం మెల్లమెల్లగా రాళ్లవైపు నెట్టడం మొదలుపెట్టింది. పడవ చూసుకునే అర్జునరావు ముందుకి పరిగెత్తి, తువ్వాలు ఊపి, గొంతు పోయేలా అరిచి ఒక వేట బోటుని పిలవబట్టి సరిపోయింది. వాళ్లు తాడు విసిరి హార్బరుదాకా లాక్కొచ్చారు. లేకపోతే పడవా దక్కేది కాదు, అందులో మనుషులూ దక్కేవాళ్లు కాదు. ఏదో వల ముక్క చుట్టుకుని ఉంటుందని ఈ నాలుగు రోజులూ అనుకున్నాడు త్రినాథరావు.

ప్రొపెల్లర్‌కి కాస్త ముందు, దాన్ని తిప్పే షాఫ్టు మీద, పిడికిలంత జింకు ముక్క బిగించి ఉంటుంది. ఉప్పునీళ్లలో ఉక్కూ ఇత్తడీ కలిసి ఉంటే సముద్రం ఏదో ఒకదాన్ని తింటూనే ఉంటుంది. అందుకని తినడానికి దానికి జింకు పెడతారు. జింకు దొరికినంతకాలం మిగతావాటి జోలికి రాదు. ఏడాదికి సగం పైగా తరిగిపోతుంది, తీసి కొత్తది బిగిస్తారు. స్టీల్ ప్లాంటు మెయింటెనెన్సులో ముప్పై నాలుగేళ్లు చేసినవాడికి ఇది కొత్త సంగతేం కాదు. ఆ ముక్కకి మాత్రం రంగు తగలకూడదు. రంగు పూస్తే నీళ్లకి జింకు అందదు, పోయి పక్కదాన్ని పట్టుకుంటాయి.

త్రినాథరావు స్పానరు పెట్టి బోల్టులు విప్పి ముక్కని బయటికి లాగాడు. వీసమెత్తు తరగలేదు. చుట్టూ నున్నగా నీలం రంగు. నాచూ గుల్లలూ పట్టకుండా పడవ అడుగుకి వేసే రంగే అది.

అర్జునరావు చుక్కాని దగ్గర చతికిలబడి గుల్లలు గీకుతున్నాడు. జాలారిపేట మనిషి, యాభై దాటాయి. ఆరేళ్ల కిందట త్రినాథరావూ, అతని భార్య భ్రమరాంబా కొచ్చి వెళ్లి, దేశాలు తిరిగి అలిసిపోయిన ఒక ఫ్రెంచి జంట దగ్గర ఈ పడవ కొన్నప్పుడు, కన్యాకుమారి చుట్టి ఇక్కడికి తెచ్చిన మూడో మనిషి అతనే. ముప్పై నాలుగు అడుగుల పడవ. ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో వందలకొద్దీ పోసే రకమే, అందులో గొప్పేం లేదు. అయినా దాని ఒంటిమీద ఏ గీత ఎక్కడుందో అర్జునరావుకి తెలుసు. అప్పటి నుంచీ తాళాలు అతని దగ్గరే.

“దీనికి రంగు ఎవరు వేశారు?” అని అడిగాడు త్రినాథరావు, ముక్కని అతని ముఖం ముందు పెట్టి.

అర్జునరావు దాన్ని చూశాడు. చేతిలో గీకుడు రేకు కింద పెట్టాడు. “నీలం నానే ఏసినాను బాబూ.”

“వెయ్యకూడదని తెలుసా తెలీదా?”

“తెలుసు.”

“తెలిసి ఎందుకు వేశావ్?”

అర్జునరావు తల వంచుకుని, అరచేతికి అంటిన గుల్లల పొడిని తొడకి తుడుచుకుంటూ కూర్చున్నాడు. త్రినాథరావు మళ్లీ అడిగాడు. మూడోసారి గొంతు పెంచి అడిగాడు. పక్క బోటుకి రంగులేసేవాళ్లు రోలర్లు ఆపి చూశారు. వలలు బాగుచేసుకునే వాళ్లు తలలెత్తారు. గంపలతో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు అక్కడే నిలబడిపోయారు. అర్జునరావు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆ మౌనమే త్రినాథరావుని రెచ్చగొట్టింది. తప్పయిందని ఒక్క మాట అంటే అక్కడితో పోయేదేమో. భార్య పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక, ఈ పడవ ఒక్కటే మిగిలిందనుకుంటే అదీ రాళ్లకి కొట్టుకుని పోయేది. ఆ కోపం, ఆ దుఃఖం, మొన్నటి భయం అన్నీ కలిసి నెత్తికెక్కాయి. తాళాలిమ్మన్నాడు. అర్జునరావు మొలలోంచి తీసి ఇచ్చాడు. బెండు బంతికి కట్టిన గుత్తి అది, నీళ్లలో పడినా తేలేలా భ్రమరాంబే కట్టింది.

“ఆ సంచి దులుపు. పడవ సామాన్లు ఏమున్నాయో చూస్తాను,” అన్నాడు త్రినాథరావు.

అర్జునరావు ఒక్కసారి అతని ముఖంలోకి చూశాడు. తర్వాత గుడ్డ సంచి బోర్లించి దులిపాడు. టిఫిన్ గిన్నె, తువ్వాలు, చుట్టల కట్ట, వల కుట్టే దారం రీలు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న బ్రష్షు, బిరుసెక్కిపోయినది. అంతే. నేలమీదున్న గీకుడు రేకు పడవది. త్రినాథరావు దాన్ని తీసుకుని, మిగతావి తీసుకెళ్లమన్నాడు. అర్జునరావు వంగి ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. బ్రష్షుని కాగితం సరిచేసి అన్నిటికంటే లోపల పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకుని గేటువైపు నడిచాడు. నడుము నొప్పి మనిషి, కొంచెం ఎడమకి వంగి నడుస్తాడు. ఆ రోజు ఇంకొంచెం వంగాడు.

ఆ మర్నాడు జెట్టీ దగ్గర పడవల సొంతదారులంతా కలిసే గదిలో ఆ నీలం ముక్క చేతులు మారింది. సొంతదారుల సంఘం సెక్రెటరీ విజయరత్నం పోర్టులో పైలట్‌గా చేసి రిటైరైన మనిషి. ఓడల్ని రేవులోకి తెచ్చి పెట్టినంత నిదానంగా మాట్లాడతాడు. జింకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మరిచిపోయి చేసే పని కాదే అన్నాడు. త్రినాథరావు నిర్లక్ష్యం అన్నాడు. పక్కనున్నాయన కావాలనే చేసి ఉంటాడన్నాడు. ఇంకొకాయన, సంచిలో ఏం దొరికిందండీ అని అడిగాడు. ఏమీ దొరకలేదని త్రినాథరావు చెప్పాడు గానీ, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒకసారి సంచి దులిపించాక ఏం దొరికిందన్నది ఎవడిక్కావాలి? మధ్యాహ్నానికి అర్జునరావు చూసుకునే మిగతా రెండు పడవల తాళాలు కూడా వెనక్కొచ్చాయి. ఆ పడవల దగ్గరికి వెళ్లే గేటు పాసు రద్దయింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరో, “అర్జునుడు దొంగతనంలో దొరికిపోనాడట్రా,” అనడం త్రినాథరావు చెవిన పడింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కేశాడు.

తర్వాతి రెండు రోజులూ ఒక్కడే పని చేసుకున్నాడు. పెద్ద తెరచాప మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు వెనక అంచు పట్టి లాగుతుంటే ఒకరు ముందు నుంచి మడత వేసుకుంటూ రావాలి. ఆ పని ఎప్పుడూ భ్రమరాంబది. ఆవిడ మంచాన పడ్డాక అర్జునరావుది. త్రినాథరావు ఒక కొసకి బకెట్టు బరువు పెట్టి మొదలుపెట్టాడు. గాలి బకెట్టుని దొర్లించి గుడ్డనంతా కుప్పలా పోసింది. మళ్లీ పరిచాడు, మళ్లీ కుప్పయింది. మూడోసారి దానిమీదే కూర్చుండిపోయాడు. యారాడ కొండమీద మబ్బు ముసురుతోంది. “నువ్వుంటే ఈ పాట్లు నాకెందుకే,” అని పైకే అన్నాడు.

కొత్త జింకు కోసం ద్వారకా నగర్‌లో పడవ సామాను తెప్పించే షాపుకి ఫోన్ చేశాడు. పాత ముక్కమీద పోతపోసిన నంబరుంటుంది, అది చెబితే చాలన్నాడు షాపతను. రంగు కింద నంబరు కనబడలేదు. కూర్మన్నపాలెంలో ఇంటికి తీసుకెళ్లి, పొద్దున్నే టీ తాగి, వీధి గుమ్మం ముందు స్టూలు వేసుకుని గీకుడు రేకుతో మొదలుపెట్టాడు.

నీలం పొడిపొడిగా రాలింది. లోపల తెల్లటి లోహం రావాలి. పసుపు వచ్చింది.

జింకు పాతబడితే పసుపుతేలుతుందేమో అనుకున్నాడు మొదట. గోటితో రుద్దాడు. నున్నగా ఉంది. ఎనామిల్. ఇంకాస్త గీకాడు. పసుపు మధ్యలో ఎర్రటి చుక్క, కుంకుమబొట్టంత గుండ్రంగా. దాని పక్కన బెత్తెడులో సగం జాగా వదిలి ఇంకో చుక్క. ఆ పక్కన ఇంకోటి. మొదటి చుక్క గుండ్రంగా ఉంది. రెండోది వంకర పోయింది. మూడోది వణికి, కిందికి జారి, జారిన చోట వేలితో తుడిచిన గుర్తుంది.

త్రినాథరావు తలెత్తాడు. ఎదురుగా గడప. పసుపు ఎనామిల్, మీద ఎర్రచుక్కలు. నీళ్లు పోసి కడిగినా పోకూడదని కూర్మన్నపాలెం జంక్షన్లో చిన్న డబ్బాలు కొనుక్కొచ్చి ఏటా భ్రమరాంబ వేసే గడప. ఈ ఉప్పుగాలికి రంగు లేకపోతే ఏదీ బతకదని గేటుకీ, కిటికీ ఊచలకీ, గ్యాసు సిలిండరు కింది చట్రానికి కూడా రంగేసేది. పిన్నీసు దొరికినా రంగేస్తావని ఆయన ఏడిపించేవాడు.

లేచి వెళ్లి మెట్ల కింద అల్మారా తీశాడు. పసుపు డబ్బా ఉంది. ఎరుపు డబ్బా ఉంది. వాటితోపాటు ఉండాల్సిన చిన్న బ్రష్షు లేదు.

ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, సంచిలో అన్నిటికంటే లోపల పెట్టుకున్న బ్రష్షు త్రినాథరావుకి గుర్తొచ్చింది. అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు.

కిందటేడు పడవకి రంగులేసిన రోజు కళ్లకి కట్టినట్టు కనబడింది. భ్రమరాంబకి రెండో విడత కేన్సరు మందు ఎక్కించి వారమైంది. జుట్టంతా రాలిపోయి తలకి గుడ్డ కట్టుకుంది. ఇంట్లో ఉండమంటే వినలేదు, ఒక్కసారి చూసొస్తానని స్లిప్‌వేకి వచ్చింది. ఆమెని ప్లాస్టిక్ కుర్చీలో, పడవ నీడలో కూర్చోబెట్టి తను రిపోర్టుల కోసం వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆమె వేళ్లకి రంగుంది. ఏ రంగో చూసుకోలేదు. “సూది గుచ్చిన చేతులతో ఈ విషం ముట్టుకుంటావా, బుద్ధుందా?” అని అందరి ముందూ అరిచాడు. ఆవిడ నవ్వి, చేతులు కొంగులో దాచుకుంది. అర్జునరావు పక్కనే రోలరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. తర్వాత ఆవిడ పడవ ముఖం చూడలేదు. రెండు నెలలకి పోయింది.

జింకు, రెండు డబ్బాలు, తాళాలగుత్తి ఒక సంచిలో వేసుకుని జాలారిపేట బయల్దేరాడు.

అర్జునరావు భార్య గురువమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. మబ్బు పట్టిందని త్వరపడుతోంది. త్రినాథరావుని చూసి లేవలేదు, కూర్చోమననూ లేదు. ఆయన ఇంట్లో లేడని, నిన్ననే బోటెక్కేశాడని చెప్పింది. శ్రీరామ్మూర్తి బోటు, నాలుగు రోజుల వేట, వల లాగే పని. నడుము పోయి వల వదిలేసే గదా పడవల కాపలాకి వచ్చింది, మళ్లీ ఆ నడుముతోనే వలకి వెళ్లాడని, ఏ గేటులోకీ రానివ్వకపోతే ఏం చేస్తాడని చేపలు తిరగేస్తూనే అంది.

త్రినాథరావు సంచిలోంచి జింకు తీసి చూపించాడు. పసుపూ ఎరుపూ చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

“కనుక్కున్నారా,” అంది. “ఆయన సెప్పొద్దన్నాడు గానీ, నాను సెప్తాను. నాకేటి బయం? ఆ రోజు మీరటెల్లగానే అమ్మ సంచీలోంచి డబ్బాలు తీసిందట. ఇంటికాడ నుంచి తెచ్చుకుంది, ముందే అనుకుని. అమ్మా, దానికి రంగు తగల్కూడదు, బాబు సెప్పినారు అని ఈయన అన్నాడు. నాకు తెలుసులే అర్జునరావూ, ఒక్క బొట్టుకి ఏం కాదు అందట. నేను ఇంక ఎక్కను గదా, ఇది పడవకి గడపనుకో, నేను లేకపోయినా ఆయన్ని ఇంటికి తేవాలి గదా, అని కింద కూకుని పెట్టిందట. సెయ్యి వణికితే ఈయనే మోసెయ్యి పట్టుకున్నాడు.”

త్రినాథరావు గోడకి చేరగిలబడ్డాడు.

“ఆయన సూత్తే నవ్వుతారు, ఆరినాక పైన నీలం ఏసెయ్యి అందట. ఏసినాడు. రేపొద్దున్న అమ్మ రాదు గదా, గీకేద్దారి అనుకున్నాడు. పొద్దున్నే ఎల్లి రేకు పట్టుకుని దాని ముందర కూకున్నాడట బాబూ. అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఆవిడ సేత్తో పెట్టిన పసుపూ బొట్టూ. ఎలా గీకుతాడు? మీరైతే గీకుతారా? అంతలో మీరు ఫోను సేసి, పడవ దింపెయ్యమన్నారు. తరవాత నీళ్లలో మునిగి తీసేద్దారనుకున్నాడు. అమ్మ పోయింది. ఇంక ముట్టుకోలేకపోయినాడు.”

తనతో ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని త్రినాథరావు గొణిగాడు. గురువమ్మ అప్పుడు లేచి నిలబడింది.

“ఏటని సెప్తాడు? అంతమందిలో, మీ ఆవిడ సేసిందని సెప్తాడా? మొన్న ఇంటికొచ్చి, పడవ పాడైతే పాడైంది గానీ అమ్మ బొట్టు వల్ల పాడైందని బాబుకి తెలిస్తే ఆ మనిషి బతకలేడే అన్నాడు. రంగు సంగతికి ఆయన బాద పడలేదు బాబూ. తప్పు తనదేనంతాడు. సంచి దులిపించినారు సూడండి, అది. ఆరేళ్లు మీ పడవ తాళాలు మోసినోడి సంచి దులిపించినారు. మా వీదిలో పిల్లలు కూడా దొంగ అంతన్నారు.”

తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు త్రినాథరావు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. తనకెందుకని, ఎవరి దగ్గర లాక్కున్నారో వాళ్లకే ఇచ్చుకోమని చెప్పి మళ్లీ చేపల ముందు కూర్చుంది.

అక్కడి నుంచి నేరుగా విజయరత్నం ఇంటికి వెళ్లాడు. జింకు చూపించి అంతా చెప్పాడు. విజయరత్నం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. భ్రమరాంబ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన భార్య కృపావతి రోజూ వచ్చి మంచం పక్కన ప్రార్థన చేసి వెళ్లేది. పాసు తిరిగి రాయిస్తానన్నాడు. పొరపాటు జరిగిందని ఒక కాగితం పెడితే సరిపోతుందని, చెల్లెమ్మ పేరు ఎత్తాల్సిన పనేముందని అన్నాడు. మంచి మాటే. త్రినాథరావుకీ అదే సుఖమనిపించింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం, సంచి దులిపించింది కాగితం మీద కాదు గదా అనుకున్నాడు.

ఆ మర్నాడు బంగాళాఖాతంలో వాయుగుండమన్నారు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. వేటకెళ్లిన బోట్లన్నీ వెనక్కి రావాలని కబుర్లు వెళ్లాయి. ఆ రోజూ, మరునాడూ బోట్లు ఒకటొకటిగా వచ్చి హార్బర్లో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. శ్రీరామ్మూర్తి బోటు రాలేదు. త్రినాథరావు పొద్దున్నే జెట్టీ మీదికి వచ్చి నిలబడితే చీకటి పడేదాకా అక్కడే. గురువమ్మ కూడా వచ్చి, ఐసు గోదాము గోడ పక్కన దూరంగా కూర్చునేది. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు. ఆ నడుముతో, ఈ గాలిలో, తడిసిన వల లాగుతున్న మనిషి మాటిమాటికీ కళ్లముందు మెదిలి త్రినాథరావుకి తిండి సహించలేదు. అర్జునరావుకి ఏమన్నా అయితే అది సముద్రం చేసింది కాదు, తను చేసింది. భ్రమరాంబ ముఖం ఎలా తలుచుకోవడం ఇంక?

మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి వాన తెరిపిచ్చింది. వేలంపాట జోరుగా సాగుతోంది. బయటి గట్టు మలుపు తిరిగి శ్రీరామ్మూర్తి బోటు వచ్చింది. ముందు కొసన తాడు చుట్ట పట్టుకుని అర్జునరావు నిలబడి ఉన్నాడు. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. జెట్టీ దగ్గరవగానే ఎవరు పట్టుకుంటారో చూడకుండానే తాడు విసిరాడు. త్రినాథరావు ఒడిసి పట్టుకున్నాడు. పరిగెత్తి ఇనుప గుంజకి రెండు చుట్లు వేసి, ముడి వేశాడు.

అర్జునరావు అప్పుడు చూశాడు. ముడినీ చూశాడు, వేసిన మనిషినీ చూశాడు.

“ఇంకో సుట్టు ఎయ్యండి బాబూ. కెరటం ఉంది,” అన్నాడు.

త్రినాథరావు ఇంకో చుట్టు వేశాడు. అర్జునరావు నడుము పట్టుకుని మెల్లగా జెట్టీ మీదికి దిగాడు. గురువమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. వాళ్లు దాటిపోబోతుంటే త్రినాథరావు ఎదురెళ్లి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. స్లిప్‌వే రంగులవాళ్లున్నారు, మెకానిక్ ఉన్నాడు, గంపల ఆడవాళ్లున్నారు. ఆ రోజు చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. త్రినాథరావు తన సంచి తీసి, బోర్లించి, తడి జెట్టీ మీద దులిపాడు.

జింకు ముక్క, పసుపు డబ్బా, ఎరుపు డబ్బా, బెండుకి కట్టిన తాళాలు, కళ్లజోడు పెట్టె, బస్సు టిక్కెట్లు. వేలంపాట గొంతు ఆగిపోయింది.

“అందరూ చూడండి,” అన్నాడు త్రినాథరావు. “ఇది మా ఇంటి గడప రంగు. ఈ బొట్లు మా ఆవిడ పెట్టినవి. నా మంచి కోరి పెట్టింది. ఈ మనిషి దాన్ని గీకలేక, నాకు చెప్పలేక, నాచేత మాటలు పడ్డాడు. ఇతని సంచిలో నాదేం లేదు. నా సంచిలోనే ఇతని మంచి పేరుంది. ఆ రోజు తీసుకున్నాను, ఇవాళ ఇచ్చేస్తున్నాను.”

ముందున్న ముసలావిడ వంగి జింకుమీది బొట్లని చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ తలమీది టోపీ తీసేశాడు. గురువమ్మ ముఖం తిప్పుకుంది.

అర్జునరావు నడుమొక చేత్తో పట్టుకుని కిందికి కూర్చున్నాడు. త్రినాథరావు చేతిలోని సంచి అందుకుని, ఒక్కొక్కటే తీసి అందులో వేయడం మొదలుపెట్టాడు. టిక్కెట్లు వేశాడు. కళ్లజోడు పెట్టె తుడిచి వేశాడు. రెండు డబ్బాలూ మూతలు బిగించి వేశాడు. జింకు ముక్కని కాసేపు అరచేతిలో పెట్టుకుని, గీకిన చోట బొటనవేలితో ఒకసారి రాసి, అదీ వేశాడు. చివరికి తాళాలు మిగిలాయి. అర్జునరావు బెండుబంతిని ఒకసారి ఒత్తి చూసి, తాళాల్ని కూడా సంచిలో వేసి, సంచి ఆయన చేతికిచ్చాడు.

“రా అర్జునరావూ,” అన్నాడు త్రినాథరావు. “నాకెవరూ లేరు.”

“తెలుసు బాబూ.” అర్జునరావు లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. “మీరు నా పేరు నాకు ఇచ్చేసినారు. నాను తీసుకున్నాను. నా మనసులో ఏటీ నేదు. కానీ ఇంక మీ తాళాలు నా మొలలో ఉంటే, రోజూ సంచి తడుముకుంతాను బాబూ. బతకలేను అలగ.”

రెండడుగులు వేసి ఆగాడు.

“అమ్మ బ్రష్షు మాత్రం నా కాడే ఉంచుకుంతాను,” అన్నాడు. త్రినాథరావు తలూపాడు.

తర్వాతి వారం కొత్త జింకు వచ్చింది. ప్రొపెల్లరూ వచ్చింది. త్రినాథరావే బిగించాడు. తెల్లటి ముక్కకి ఏ రంగూ తగలకుండా, చుట్టూ కాగితం కట్టి అడుగంతా తనే నీలం వేసుకున్నాడు. వాయుగుండం ఒడిశావైపు పోయింది, ఆకాశం కడిగినట్టుంది. ‘గౌతమి’ని నీళ్లలోకి దింపి, జెట్టీ దాకా ఇంజనుమీద తెచ్చాడు. కొత్త ప్రొపెల్లర్ ఎక్కడా వణకలేదు. జెట్టీ దగ్గరపడుతుంటే వేగం తగ్గించి, ముందు కొసవైపు చూసి, అలవాటుగా తాడు అని కేకేశాడు.

ముందు కొసన ఎవరూ లేరు. కేక జెట్టీకి తగిలి తిరిగొచ్చింది. ఒకరిని దేవుడు తీసుకెళ్లాడు, రెండో మనిషిని తనే పంపేశాడు. త్రినాథరావు ఇంజను ఆపి, చుక్కాని వదిలేసి, తాడు అందుకోవడానికి తనే ముందుకి నడిచాడు.